తుపాకీ కడ్డీకి గుర్తింపు పరేడ్

సోమలవంక పోలీసు స్టేషన్లో ప్రతి వస్తువూ తనలాంటి వస్తువు పక్కనే ఉండాలన్న నియమం ఎన్నికలకు కాస్త ముందు అమల్లోకి వచ్చింది. అంతకుముందు అక్కడి సామాన్ల గది అన్ని స్టేషన్ల సామాన్ల గదుల్లాగే ఉండేది. దొంగ సైకిలు మీద సారా డబ్బా, డబ్బా మీద పేకాటవాళ్ల దుప్పటి, దుప్పటి మీద ఈనిన పిల్లి. కొత్తగా వచ్చిన ఎస్సై గారు సర్దడంలో శిక్షణ పొందిన మనిషి. ఏదో పెద్ద ఊళ్లో, చల్లటి హాల్లో కూర్చోబెట్టి, సామాన్లు ఎలా సర్దితే నేరాలు తగ్గుతాయో ఆయనకు చెప్పి పంపారట. ఆయన వచ్చీ రాగానే గది తలుపు మీద ఎర్రరంగుతో రాయించారు: “పొడుగువి పొడుగువాటితో, గుండ్రనివి గుండ్రనివాటితో.”

తుపాకీ అప్పగించడానికి వెళ్లిన రోజు నేను ఆ రాత కూడబలుక్కుని చదివాను. నాకు అక్షరాలు పెద్దతనంలో వచ్చాయి, అందుకని గోడ మీద ఏది కనిపించినా వదలను. చదివి, మంచి మాటే అనుకున్నాను. మా వంటింట్లోనూ మూతలన్నీ ఒకచోటే ఉంటాయి. ఏ మూత ఏ గిన్నెదో వెతుక్కోవడానికి కొంత పొద్దు పోతుంది, అంతే.

ఎన్నికలొస్తే లైసెన్సున్న తుపాకులన్నీ స్టేషన్లో పెట్టాలి. ఓట్ల లెక్కింపు అయ్యాక తిరిగి ఇస్తారు. బ్యాంకు కాపలావాళ్ల తుపాకులు తీసేస్తే మా మండలంలో మిగిలిన లైసెన్సు నాదొక్కటే. మా ఆయన పోయాక నా పేరు మీదికి మారిన నాటు తుపాకీ అది. నిలబెడితే నా భుజం దాకా వస్తుంది. దాని మూతిలోంచి మందు పోసి, పైన గుడ్డపీలిక పెట్టి, పొడుగాటి ఇనుపకడ్డీతో కిందికి గట్టిగా కూరాలి. కూరకపోతే తుస్సుమంటుంది. పేల్చిన తర్వాత అదే కడ్డీ కొసన ఉన్న చీలికలో గుడ్డ దూర్చి గొట్టంలోపల మసి తుడవాలి. కడ్డీ లేని నాటు తుపాకీ, రోకలి లేని రోలు ఒకటే.

నేను అందులో గుండు వెయ్యను. ఉత్త మందే. నెమిలిగుట్ట కింద నాకు రెండెకరాల వేరుశనగ ఉంది. గుట్ట మీద అడవిపందులు ఉన్నాయి. సాయంత్రం పూట ఒక్కసారి ఢామ్మనిపిస్తే, ఆ పూటకు అవి మా చేను సంగతి మరిచిపోతాయి. ఏళ్లుగా నాకూ వాటికీ మధ్య ఉన్న ఒప్పందం అదే.

లెక్కింపు అయిపోయి, గెలిచినవాళ్ల మేళాలు ఆగిపోయాక, నేను స్టేషనుకు వెళ్లాను. హెడ్ కానిస్టేబుల్ గురవయ్య లోపలికి పోయి తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. గొట్టం కింద కడ్డీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

“కడ్డీ యాడ గురవయ్యా?”

“ఈడే ఉండాది కుప్పమ్మక్కా. యాడికీ పోలేదు.”

“ఈడంటే యాడ?”

గురవయ్య సామాన్ల గది తలుపు బార్లా తెరిచి చూపించాడు. గది అద్దంలా ఉంది. ఒక గోడకు గుండ్రనివి: సైకిల్ చక్రాలు, సారా డబ్బాల మూతలు, ఒక విసుర్రాయి. ఎదురు గోడకు పొడుగువి: కర్రలు కర్రలతో, గొట్టాలు గొట్టాలతో, కడ్డీలు కడ్డీలతో. కడ్డీలన్నిటికీ ఒకే ఆకుపచ్చ రంగు వేశారు. వాటి మధ్య మా కడ్డీ కొసన చీలికతో సహా నాకు కనిపిస్తూనే ఉంది.

“అదే, ఆ చివర నించి రెండోది,” అన్నాను.

“నాకూ తెలుసక్కా. అయితే ఇప్పుడది నీ కడ్డీ గాదు. గలాటా కేసు కడ్డీ.”

జరిగిందేమిటంటే, లెక్కింపు రోజు కల్యాణమంటపం దగ్గర గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ కొట్టుకున్నారు. పోలీసులు కడ్డీలు పట్టుకున్న ఆరుగురిని పట్టుకుని, ఆరు కడ్డీలు తెచ్చి, నియమం ప్రకారం కడ్డీల వరసలో పెట్టారు. ఒక వర్గానికి ఒకే రంగన్న నియమం ప్రకారం రంగు కూడా వేశారు. తర్వాత కేసు రాయడానికి కూర్చుని వరస లెక్కపెడితే కడ్డీలు ఏడు ఉన్నాయి. ఏడు కడ్డీలకు ఆరుగురు మనుషులు సరిపోరు. అందుకని ఏడో మనిషిని కూడా పట్టుకున్నారు.

ఎస్సై గారు నన్ను కూర్చోమన్నారు. ఆయన బల్ల మీద పెన్నులు పెన్నులతో, గుండుసూదులు గుండుసూదులతో ఉన్నాయి.

“చూడండి కుప్పమ్మ గారూ. వస్తువు ఎవరిదన్నది ద్వితీయ విషయం. వస్తువు ఏ వర్గానికి చెందుతుందన్నది ప్రథమ విషయం. మీ కడ్డీ స్వభావరీత్యా కడ్డీ. కడ్డీల వర్గంలో ఉన్నది. ఆ వర్గం యావత్తూ ప్రస్తుతం కేసు సొత్తు.”

“అది తుపాకీలో భాగం గదా సార్.”

“తుపాకీలో ఉన్నంత వరకూ. ప్రస్తుతం అది తుపాకీలో లేదు.”

“మీరు తీసేస్తే లేదు సార్.”

“క్రమబద్ధీకరణ జరిగింది,” అన్నారాయన సౌమ్యంగా. మనిషి మంచివాడే. నాకు మజ్జిగ కూడా తెప్పించారు.

లేచేముందు నా లైసెన్సు మీద ఎర్రసిరాతో ఒక షరతు రాసి, ముద్ర వేసి, నాకే చదివి వినిపించారు. “ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఈ ఆయుధములో దాని స్వంత కడ్డీ మినహా అన్య తుపాకీ కడ్డీ దేనినీ ఉపయోగించరాదు. ఉల్లంఘించినచో లైసెన్సు రద్దగును. ఇది మీ భద్రత కోసమే. కొలత కుదరని కడ్డీలతో గొట్టాలు పగిలిన సందర్భాలు శిక్షణలో చూపించారు.”

నేను తుపాకీ భుజాన వేసుకుని, తిన్నగా కమ్మరి వీరాచారి కొలిమికి వెళ్లాను. షరతు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు కడ్డీ ఉంటే ధైర్యంగా ఉంటుంది అనుకున్నాను. వీరాచారి తుపాకీని చూడగానే సుత్తి కింద పెట్టి, వీధి అటూ ఇటూ చూశాడు.

“కుప్పమ్మా, ముందు దాన్ని గోనెపట్ట కింద పెట్టు.”

“దీనికి కూరే కడ్డీ కావాల ఆచారీ. కొలత గొట్టంలోనే ఉండాది, చూసుకో.”

“తుపాకీ సామాను జేస్తే నన్ను లోపలేస్తారు. కొడవలి కావాలంటే చెప్పు, చేసిస్తా. దాంతో నువ్వు ఎవురి తల నరికినా నన్నడిగేవాడు లేడు.”

“పందుల్ని కొడవలితో తరుముదునా?”

“అదీ నిజమే,” అని ఒప్పుకుని, తిత్తి ఊదుకోవడంలో పడిపోయాడు.

పందులకు ఎన్నికలతో పని లేదు. తుపాకీ స్టేషన్లో ఉన్నన్నాళ్లూ అవి అనుమానంగా గట్టు దాకా వచ్చి పోయాయట. ఇప్పుడు అనుమానం తీరిపోయింది. ఊడలు దిగి కాయ గట్టిపడుతున్న వేళ, గుట్టవైపు సాళ్లన్నీ దున్నినట్టు తిరగేశాయి. నేను సత్తుగిన్నె కొట్టాను. మంట పెట్టాను. ఎర్రచీర కట్టిన దిష్టిబొమ్మను నిలబెట్టాను. ఒక పంది దానికి వీపు రుద్దుకుంటుంటే చూశాను. వెదురుబద్దతో మందు కూరి చూద్దామనుకున్నాను గానీ, బద్ద గొట్టంలో విరిగి ఇరుక్కుంటే తుపాకీ కూడా పోతుందని ఆగాను. ఆ చేను పండితేనే నాకు ఏడాది గడుస్తుంది. పండకపోతే ఎవరి చేలోనో కూలికి వంగాలి, ఈ నడుముతో.

ఆ రోజుల్లోనే చెంగల్రాయుడు వచ్చాడు. పెళ్లిళ్లకు, మీటింగులకు షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే మనిషి. ఆటో గట్టు మీద ఆపి, చేలో నా దగ్గరికి నడిచి వచ్చాడు.

“అక్కా, నీ కడ్డీ నాదంట గదా.”

“నేను నీకెప్పుడిచ్చినా?”

“నువ్వియ్యలేదు. గవర్నమెంటిచ్చింది. గలాటా కేసులో ఏడో ముద్దాయిని నేనే.”

అప్పుడు నాకు అర్థమైంది, మా కడ్డీకి తోడు వెతికితే దొరికిన మనిషి ఇతనేనని.

“నువ్వు గూడా కొట్లాటకు పోయినావా అబ్బీ?”

“నా కుర్చీలు తెచ్చుకునేదానికి పోయినానక్కా. వాళ్లు కొట్టుకుంటా ఉంటే నా కుర్చీలు ఇరగతాయని, ఈ చేతిలో రెండు, ఆ చేతిలో రెండు పట్టుకోని బయటికొస్తాండా. ఎవురో ఫొటో తీసినారు. నాలుగు కుర్చీలు పట్టుకున్నోడు కడ్డీ యాడ పట్టుకుంటాడు, నోట్లోనా?”

“ఆ మాట ఎస్సైకి చెప్పలేదా?”

“చెప్పినా. కుర్చీల చాటున దాచినాడని రాసుకున్నాడు.”

అతను గట్టు మీద కూర్చుని, పందులు పీకిన మా మొక్కలు చూస్తూ, తన సంగతి చెప్పాడు. ప్రతి ఆదివారం స్టేషనుకు వచ్చి సంతకం పెట్టాలట. పెళ్లిళ్లన్నీ ఆదివారమే. పైగా గలాటా కేసు కుర్చీలంటే పెళ్లివారు జంకుతున్నారు. ఒక పెద్దాయన అయితే, మీ కుర్చీల మీద కూర్చుంటే సాక్ష్యానికి పిలుస్తారా అని అడిగాడట. ఇంకొన్నాళ్లకు అతని పేరు మీద రౌడీ షీటు తెరుస్తారని గురవయ్య చెప్పాడు. ఏడుగురిలో ఆరుగురికి ఉండి ఏడోవానికి లేకపోతే వరస చెడుతుందని.

“కడ్డీ నీదని నువ్వు అర్జీ పెట్టక్కా. నీది నీకొస్తాది, ఆరు కడ్డీలకు ఆరుగురే మిగులుతారు. నేను బయటపడతా.”

అర్జీ నేనే రాశాను. రెండు వాక్యాలు. కడ్డీ నాది, ఇప్పించండి అని. తహసీల్దారు గారికి ఇద్దరం వెళ్లి ఇచ్చాం. ఆయన దాన్ని రెండు వైపులా చూశారు. వెనక వైపు ఏమీ లేనందుకు కొంచెం నొచ్చుకున్నట్టు కనిపించారు.

“సమస్య మీరనుకున్నంత సులభంగా లేదమ్మా. కడ్డీ మీదని మీరంటున్నారు. కడ్డీ ఏమంటున్నదో తెలియదు. గుర్తింపు పరేడ్ జరిపించవలసి ఉంటుంది.”

“పరేడంటే మనుషులకు గదా సార్?” అన్నాడు చెంగల్రాయుడు.

“మనుషులకే నియమావళి ఉన్నది. కడ్డీలకు వేరే నియమావళి లేదు. లేనప్పుడు ఉన్నదే వర్తిస్తుంది. మనుషులకు వర్తించేది కడ్డీలకు వర్తించదని ఎక్కడా లేదు,” అని ఒక లావుపాటి పుస్తకం తెరిచి చదివారు. “గుర్తింపబడవలసిన వానిని, అతనిని పోలిన ఎత్తు, రంగు, వయస్సు గల ఇతరులతో కలిపి నిలబెట్టవలెను.”

స్టేషన్లో ఉన్న మిగతా ఆరు కడ్డీల్లో అయిదు ఇళ్ల కప్పులకు వాడే మెలికల ఇనుము. ఒకటి గడ్డపార. వాటి మధ్య మా కడ్డీని నిలబెడితే కళ్లు లేనివాళ్లు కూడా తడిమి చెప్పేస్తారు. అది న్యాయం కాదని తహసీల్దారు గారు అన్నారు. మా కడ్డీని పోలిన కడ్డీలు ఆరు కావాలని ఆర్డరు రాశారు.

నాలుగు రోజులు పోయాక వీరాచారి కొలిమి ముందు నించి వస్తుంటే, లోపల అవి కనిపించాయి. సన్నగా, నున్నగా, కొసన చీలికతో, మా తుపాకీ గొట్టం కొలతకు సరిగ్గా, వరసగా గోడకు ఆనించి ఉన్నాయి.

“ఆచారీ, ఇవేంది?”

“గవర్నమెంటు పని కుప్పమ్మా. నీ కడ్డీ నమూనా జీపులో తెచ్చి చూపించినారు, మొగం మీద గుడ్డ కప్పి.”

“లోపలేస్తారని భయపడితివే?”

“ఆర్డరుండాది గదా. ఆర్డరుంటే ఫిరంగైనా చేస్తా.”

“ఇంగొకటి చేసి నాకియ్యి.”

“ఆరుకే ఆర్డరు. ఏడోది జేస్తే నేరం,” అన్నాడు వీరాచారి. ఆరోదాన్ని ఉప్పునీళ్ల తొట్టిలో ముంచుతున్నాడు. వయసు కుదరాలి కాబట్టి కొత్త కడ్డీలన్నిటికీ తుప్పు పట్టించమన్నారట. తుప్పు పట్టాక రంగు కుదరాలి కాబట్టి ఆకుపచ్చ పూస్తారట. తుప్పు కనబడదు కదా అని నేను అడగలేదు. అడిగితే పరేడ్ ఇంకా ఆలస్యమవుతుంది. చేలో అప్పటికే అరెకరం పైన పోయింది.

పరేడ్ ముందు రోజు గురవయ్య అటుగా పోతున్నట్టు మా ఇంటి ముందు సైకిలాపాడు. నీళ్లడిగి తాగి, చెంబు తిరిగిస్తూ గొంతు తగ్గించాడు.

“అక్కా, రేపు నువ్వు ఏ కడ్డీ చూపిస్తావు?”

“నా కడ్డీ.”

“అట్లజేస్తే నీకు కడ్డీ రాదు. అది నీదేనని తేలుతాది, నిజమే. కానీ కేసు సొత్తు గదా, కేసు తెగిందాకా వరసలోనే ఉండాల. కేసు తెగేదానికి నీ శెనక్కాయ ఎన్ని పంటలు పండుతాదో ఎవురికి తెలుసు.”

“మరేం జేయమంటావు?”

“వేరేది చూపించు. ఆచారి చేసినవాట్లో ఏదన్నా ఒకటి. అది ఏ కేసులోనూ లేదు. ఇది నాదని నువ్వంటావు, తహసీల్దారు రాస్తాడు. రాసినాంక అది నీ సొంత కడ్డీనే. నీ చేతికియ్యక ఏం జేస్తారు? కొత్త ఇనుము, కొలత కొలతకు చేసినాడు. నీ పాతదాని కన్నా మేలు.”

“చెంగల్రాయుడో?”

గురవయ్య సైకిలు స్టాండు తీశాడు. “వాని కడ్డీ వానికి ఉంటాది,” అన్నాడు.

ఆ సాయంత్రం పందులు పొద్దు గుంకకముందే వచ్చాయి. పిల్లల్ని కూడా వెంట తెచ్చుకున్నాయి. నేను గట్టు మీద నిలబడి, రేపు ఆచారి చేసిన కడ్డీనే చూపించాలని నిర్ణయించుకున్నాను. చెంగల్రాయుడు మగవాడు, ఆటో ఉంది, ఏదో ఒకటి చేసుకుంటాడు అని నాకు నేనే చెప్పుకున్నాను.

పరేడ్ తహసీల్దారు కార్యాలయంలో, తలుపులు మూసి జరిగింది. కడ్డీలను స్టేషన్ నించి జీపులో తెచ్చారు. సాక్షి ముందుగా చూడకూడదు కాబట్టి ఒక్కోదానికి తల మీద నల్లగుడ్డ తొడిగారు. జీపు దిగిన కడ్డీలను కానిస్టేబుళ్లు ఒక్కొక్కరు ఒక్కోదాన్ని పట్టుకుని లోపలికి నడిపించారు. చూడటానికి వచ్చిన జనం దారి ఇచ్చారు. ఒకామె, పాపం ఏం చేసినారో అంది.

గోడ వారగా ఏడింటినీ నిలబెట్టి, మెడ దగ్గర దారంతో అంకెల అట్టలు కట్టి, గుడ్డలు తీశారు. ఎస్సై గారు నిష్పక్షపాతంగా ఉండటానికి బయట నిలబడ్డారు.

“సాక్షి వరస ముందు ఒకసారి నడవవలెను,” అని తహసీల్దారు గారు చదివారు. “గుర్తించిన వానిని చేతితో తాకి చూపవలెను. వరసలో ఉన్నవారితో మాట్లాడరాదు, సంజ్ఞలు చేయరాదు. వరసలో ఉన్నవారు తమ స్థానం మార్చుకోదలచినచో ఇప్పుడే కోరవచ్చును.”

ఆయన కాసేపు ఆగారు. కడ్డీలు ఏమీ కోరలేదు. కోరలేదని రాసుకున్నారు.

నేను నడిచాను. వీరాచారి పనితనం చూసి తీరాలి. పొడవు, లావు, కొసన చీలిక, అన్నీ ఒకటే. అయినా రెండో నెంబరు దగ్గరికి రాగానే తెలిసిపోయింది. మా మామగారు, మా ఆయన, నేను, ముగ్గురమూ కూరేటప్పుడు బొటనవేలు ఆనించేది ఒకేచోట. అక్కడ ఇనుము అరిగి చిన్న గుంట పడింది. ఉప్పునీళ్లలో అది పుట్టదు.

నేను ఆగకుండా నాలుగో నెంబరు దాకా వెళ్లాను. అది అన్నిట్లోకీ తిన్నగా ఉంది. చెయ్యి చాపాను.

అప్పుడే తలుపు భుజంతో నెట్టుకుని చెంగల్రాయుడు లోపలికి వచ్చాడు. కార్యాలయంలో పెద్దమనుషులకు కుర్చీలు చాలలేదట, పక్కనే ఉన్నావు కదా తెమ్మన్నారట, అద్దె లేకుండా. ఈ చేతిలో రెండు, ఆ చేతిలో రెండు. ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. తహసీల్దారు గారి వైపు చూస్తూ, “యాడ దించేది సార్?” అన్నాడు.

నేను వెనక్కి రెండడుగులు వేసి, రెండో నెంబరు మీద చెయ్యి పెట్టాను.

“ఇది. ఇదే నాది,” అన్నాను.

“నిశ్చయమేనా? నాలుగవ వానివైపు చేయి సాచినట్లు గమనించడమైనది.”

“చీర సర్దుకున్నా సార్.”

ఆయన రాసుకున్నారు. చాలాసేపు రాసి, లేచి నిలబడి చదివారు. “రెండవ కడ్డీ అర్జీదారు కుప్పమ్మ గారి తుపాకీకి చెందిన కడ్డీయేనని ధ్రువీకరించడమైనది. కావున అది గలాటాలో పాల్గొనలేదు. ఏడవ ముద్దాయికి కడ్డీ లేనందున అతడు ముద్దాయి కాడు. మిగిలిన ఒకటి, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు నెంబర్లు తుపాకీ కడ్డీలు కావని ఇందుమూలముగా తేల్చడమైనది.”

చెంగల్రాయుడు కుర్చీలు దించి, వాటిలో ఒకదాని మీద కూర్చుండిపోయాడు.

“నా కడ్డీ తీసుకుపోవచ్చునా సార్?” అని అడిగాను.

“కడ్డీ మీదే. ఇక ఎవరూ కాదనలేరు,” అన్నారు తహసీల్దారు గారు. “అయితే గలాటాలో పాల్గొనలేదని తేలిన కడ్డీ గలాటా కడ్డీల వరసలోకి ఎలా వచ్చిందన్నది విచారించాలి. అంతవరకు వరసలోనే ఉంటుంది. అభినందనలు.”

గురవయ్య రెండో నెంబరుకు మళ్లీ నల్లగుడ్డ తొడుగుతూ, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. నేను ఇంటికి వచ్చేశాను. చేనివైపు పోకుండా, వంట కూడా చెయ్యకుండా కూర్చున్నాను.

మూడో రోజు సాయంత్రం చెంగల్రాయుడి ఆటో మా ఇంటి ముందు ఆగింది. వెనక కుర్చీలు, గుడ్డలు, తాళ్లు. పెళ్లికి పోతున్నాడట. లోపలికి వచ్చి, ఒక ఆకుపచ్చ కడ్డీ తెచ్చి నా కాళ్ల ముందు పెట్టాడు. మెడలో ఇంకా నాలుగో నెంబరు అట్ట వేలాడుతోంది.

“యాడిది అబ్బీ ఇది? మళ్లా నిన్ను పట్టుకుంటారే.”

“పట్టుకోరక్కా. పరేడ్ అయినాంక ఆ ఆరిట్నీ ఎస్సై తీసుకోలేదు. కేసు కడ్డీలు గాదు, ఏ వరసలో పెట్టేదన్నాడు. తహసీల్దారు ఆఫీసులో అడ్డమొస్తాండాయి. షామియానా తాళ్లు కట్టేదానికి మేకుల మాదిరి దిగేసుకుంటా సార్, నాకియ్యండి అంటే, కుర్చీల అద్దె కింద జమేసుకో పొమ్మన్నాడు. ఒక్కోదానికి ఒక్కో కాగితం గూడా ఇచ్చినాడు, ఇంద, దీనిది.”

కాగితం తీసుకుని అక్షరం అక్షరం చదివాను. నాలుగవ నెంబరు కడ్డీ తుపాకీ కడ్డీ కాదని తేలినందున దీనిని ఎవరైనను, ఎచ్చటనైనను, ఏ పనికైనను నిరభ్యంతరంగా వాడుకొనవచ్చునని ఉంది. కింద గుండ్రటి ముద్ర.

“నాకియ్యి దాన్ని,” అన్నాను.

“నీకే తెచ్చినాక్కా. నేను ఐదు మేకులతో సర్దుకుంటా,” అని, పెళ్లికి ఆలస్యమవుతోందని ఆటో ఎక్కాడు.

నేను తుపాకీ దించి, చేనికి తీసుకుపోయి, మందు పోసి, గుడ్డపీలిక పెట్టి, తుపాకీ కడ్డీ కానిదానితో గట్టిగా కూరాను. గుట్టవైపు నించి అవి అప్పటికే దిగుతున్నాయి. ముందర పెద్దది, వెనక పిల్లలు. గొట్టం ఆకాశంవైపు పెట్టి పేల్చాను. చాలా రోజుల తర్వాత పేలిందేమో, నా చెవులే గింగుర్లెత్తాయి. పందులు ఒక్క పెట్టున వెనక్కి తిరిగాయి.

పొద్దున్నే గురవయ్య వచ్చాడు.

“అక్కా, నిన్న సాయంత్రం పెద్ద మోత ఎస్సై క్వార్టర్సు దాకా ఇనబడింది. విచారించి రమ్మన్నాడు. తుపాకీ పేల్చినావా?”

“పేల్చినా.”

“ఏ కడ్డీతో కూరినావు? నీ సొంత కడ్డీ మా వరసలో ఉండాది. వేరే తుపాకీ కడ్డీ వాడినావంటే నీ లైసెన్సు పోతాది, నేను రాయక తప్పదు.”

“తుపాకీ కడ్డీతో కూరలేదు,” అని కాగితం, కడ్డీ రెండూ అతని ముందు పెట్టాను.

గురవయ్య కాగితం చదివాడు. కడ్డీని చూశాడు. మళ్లీ కాగితం చదివాడు. అతని మొహంలో మెల్లగా ఒక ప్రశాంతత వచ్చింది. అరుగు మీద కూర్చుని, జేబులోంచి పెన్ను తీసి, నివేదిక రాసి, తప్పులుంటే చెప్పమని నా చేతికిచ్చాడు. అందులో ఇలా ఉంది: “కూరుటకు తుపాకీ కడ్డీ లేనిదే నాటు తుపాకీ పేలుట అసంభవము. అర్జీదారు వద్ద తుపాకీ కడ్డీ ఏదియు లేదని తహసీల్దారు గారి ధ్రువీకరణ వలన స్పష్టమగుచున్నది. కావున నెమిలిగుట్ట కింద నిన్న సాయంత్రం తుపాకీ పేలలేదు.”

తప్పులేమీ కనిపించలేదని చెప్పాను. ఎస్సై గారు దానిమీద సంతకం చేసి, ప్రతులు తీయించి, ఒకటి తహసీల్దారు గారికి, ఒకటి అటవీ శాఖకు, ఒకటి పై అధికారులకు పంపారని తర్వాత తెలిసింది. పందులకు మాత్రం ప్రతి అందినట్టు లేదు. అవి ఆ సాయంత్రం నించి మా చేనివైపు రాలేదు.